ఒక్కటే మొవ్వు

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే వంకల గట్ల మీద ఓ కన్నేసి ఉంచండి. ఈతమాన్లు కనిపిస్తాయి. వాటిలో కల్లు గీసిన మాను ఏదో, గీయని మాను ఏదో ఒకరు చెప్పనక్కర్లేదు. గీసిన మానుకు మెడ దగ్గర మొదలై కిందిదాకా గాట్లుంటాయి. ఒక ఏడు ఒక పక్కన గీస్తే, మరుసటి ఏడు దానికి ఎదురు పక్కన గీస్తారు. అందుకే మాను అటూ ఇటూ మెలిక తిరిగినట్టు ఉంటుంది. గాట్లను కింది నుంచి పైకి లెక్కపెట్టుకుంటూ పోతే ఆ చెట్టు ఎన్ని ఏళ్ళు కల్లు ఇచ్చిందో తేలిపోతుంది.

నాకు ఆశ్చర్యం కలిగించేది అన్నిటికన్నా కిందనున్న గాటు. ఎన్నో ఏళ్ళ కిందటిది. అంచులు ఆరిపోయి నల్లబడి ఉంటుందే గాని పూడి ఉండదు. అదే వేపమానుకు గొడ్డలి దెబ్బ తగిలితే, కొన్నేళ్ళలో దాని చుట్టూ బెరడు పెదవుల్లా ఉబ్బి, దగ్గరకు జరిగి, చివరికి మూసుకుంటుంది. మామిడికీ చింతకూ అంతే. ఈతకు ఆ విద్య రాదు. తాటికి రాదు, టెంకాయకు రాదు, నర్సరీలో వేల రూపాయలు పోసి కొనే రాయల్ పామ్‌కూ రాదు.

కారణం మాను లోపల ఉంది. వేపమానులో బెరడుకూ కట్టెకూ నడుమ కేంబియం అనే పలుచని పొర ఉంటుంది. అది ఏటేటా లోపలికి కట్టెను, బయటికి బెరడును పుట్టిస్తుంది. చెట్టు లావెక్కేదీ, గాయం పూడేదీ దానివల్లే. తాళజాతి చెట్లకు ఈ పొర లేదు. నరికిన టెంకాయ మొద్దును అడ్డంగా చూడండి. వలయాలు కనిపించవు. ముదురు రంగు చుక్కలు మొద్దంతా చల్లినట్టుంటాయి. ఒక్కో చుక్క ఒక్కో గొట్టాల కట్ట. నీళ్ళు పైకి మోసేదీ, ఆకులో తయారైన చక్కెరను కిందికి దించేదీ ఆ కట్టలే. తెగినవి మళ్ళీ అతుక్కోవు, వాటి బదులు కొత్తవి పుట్టవు. నూరేళ్ళ టెంకాయమాను మొదట్లో ఈ రోజు నీళ్ళు మోస్తున్న గొట్టాలు ఆ చెట్టు చిన్నప్పుడు ఏర్పడినవే.

అందుకే ఇంట్లో తాళజాతి చెట్టు పెట్టుకున్నవాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఎరువు గురించో నీళ్ళ గురించో కాదు, మేకు గురించి. బట్టలారేసే తీగ కట్టడానికి మేకు కొట్టొద్దు. పెళ్ళికి సీరియల్ లైట్లు వేలాడదీయడానికి కొట్టొద్దు. ఎక్కడానికి వీలుగా ఉంటుందని మానుకు మెట్లు చెక్కొద్దు. ఆ గాయం చెట్టు బతికినన్నాళ్ళూ తెరుచుకొనే ఉంటుంది. దాని వాసన పట్టుకొని వచ్చే ఎర్రముక్కు పురుగు సంగతి కాసేపట్లో చెబుతాను.

కేంబియం లేకపోవడంవల్ల ఇంకో వింత జరుగుతుంది. టెంకాయమాను ఒకసారి ఏర్పడ్డాక లావెక్కదు. ఏ ఎత్తులో ఎంత లావుండాలో ఆ ఎత్తున మొవ్వు ఉన్న రోజుల్లోనే తేలిపోతుంది. ఆ రోజుల్లో నీళ్ళూ తిండీ బాగుంటే మాను బలంగా దిగుతుంది. లేకుంటే నడుము సన్నబడుతుంది. తర్వాత ఎంత పోషించినా ఆ నడుము అలాగే ఉండిపోతుంది. 2002లో దేశమంతా వానలు ముఖం చాటేశాయి. 2018లో రాయలసీమ మండలాలెన్నిటినో కరువు మండలాలుగా ప్రకటించారు. ఆ ఏళ్ళలో బోరు ఎండిన ఇంటి పెరట్లో ముదురు టెంకాయచెట్టు ఉంటే దూరంగా నిలబడి మానును చూడండి. ఎక్కడో ఒకచోట పిసికి పట్టుకున్నట్టు సన్నబడి, దానిపైన మళ్ళీ లావెక్కి ఉంటుంది. మట్ట ఊడిన చోట మిగిలిన వలయాలను లెక్కపెడితే అది ఏ కాలపు కరువో కూడా సుమారుగా చెప్పవచ్చు. నీళ్ళు సమృద్ధిగా ఉన్న చెట్టు ఏడాదికి పన్నెండు మట్టల దాకా వేస్తుంది, నీళ్ళు చాలనిది ఇంకా తక్కువ.

ఇక మొవ్వు. చెట్టు తలలో, లేత మట్టల నడుమ దాగిన తెల్లని మెత్తని మొగ్గ. తాటికీ టెంకాయకూ కొమ్మలు రావు, పక్క మొగ్గలు ఆకు పుట్టించవు. ఎదిగే చోటు అదొక్కటే. మామిడి కొన నరికితే పది కొమ్మలు వేస్తుంది. టెంకాయ మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. మట్టలు పచ్చగానే ఉంటాయి, కొన్ని నెలలు మనకు అనుమానం కూడా రాదు. కొత్త మట్ట రాదు, పాతవి ఒక్కొక్కటే రాలుతాయి, చివరికి మొండెం మిగులుతుంది. ఈతకల్లు గీసేవాళ్ళ చేతిలోని నేర్పంతా ఇక్కడే ఉంది. మొవ్వుకు అంత దగ్గరగా కత్తి పెట్టి, దాన్ని తాకకుండా, ఏళ్ళ తరబడి చెట్టు చేత కల్లు ఇప్పించడం చిన్న సంగతి కాదు.

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో భూగర్భ జలాల గురించి ఒక అధ్యాయం ఉంది. దకార్గళం అంటారు. నీళ్ళు లేని చోట రెండు తలల ఖర్జూరపు చెట్టు కనిపిస్తే దానికి పడమట మూడు పురుషుల లోతున నీరుంటుందని అందులో చెప్పాడు. పురుషుడు అంటే చేతులెత్తి నిలబడిన మనిషి ఎత్తు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రవేత్త ఇ.ఎ.వి. ప్రసాద్ ఈ అధ్యాయాన్ని శ్రద్ధగా చదివి, నేటి శాస్త్రం వెలుగులో దాన్ని పరిశీలించి గ్రంథం రాశారు. రెండు తలల చెట్టుకూ నీటికీ సంబంధం ఉందా అన్నదాని కన్నా నాకు ఆ చూపు ముఖ్యం. కొమ్మలు వేయని చెట్టుకు మొవ్వు చీలి రెండు తలలు కావడం ఎంత అరుదో అప్పటివాళ్ళు గమనించారు, గుర్తుపెట్టుకున్నారు. ఎండు నేలలో ఈతజాతి చెట్టు బాగా నిలబడిందంటే దాని వేళ్ళకు ఎక్కడో తడి దొరుకుతున్నదన్న సంగతి మాత్రం మన వంకల గట్ల మీద ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఏడాదికి పడే వాన 600 నుంచి 700 మిల్లీమీటర్ల లెక్కలో ఉంటుంది. టెంకాయకు అంతకు రెట్టింపు కావాలి, అదీ ఏడాది పొడుగునా పరుచుకొని కావాలి. పైగా అది సముద్రపు గాలి తడి ఎరిగిన చెట్టు. మన ఏప్రిల్, మే నెలల్లో వీచే వడగాలి దానికి కొత్త. అయినా ఈ సీమలో టెంకాయచెట్టు ఉన్న ఇళ్ళకు లెక్కలేదు. ఎలా బతికింది? పాత ఇళ్ళలో అది ఎక్కడుండేదో గుర్తు తెచ్చుకోండి. జాలాడి పక్కన. స్నానాల నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు అన్నీ ఒక కాలువగా పోయి టెంకాయ పాదులోకో అరటి పాదులోకో చేరేవి. ఆ పెద్దవాళ్ళు ఏ పుస్తకమూ చదవకుండానే ఈ నేలకు సరైన నీటిపద్ధతి కనిపెట్టారు. స్నానాల గది లోపలికి మారి, నీళ్ళు గొట్టంలో పడి వీధి కాలువకు పోవడం మొదలయ్యాక టెంకాయకు బోరు నీళ్ళు పెట్టాల్సి వచ్చింది.

కాయలు కాసే టెంకాయకు వేసవిలో రోజుకు అటూ ఇటుగా అరవై లీటర్ల నీళ్ళు కావాలి. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని లెక్క. అంటే ఇంట్లో ఒక టెంకాయచెట్టు పెట్టుకోవడమంటే నీళ్ళ వరకు ఇంకొక మనిషిని పెంచుకోవడమే. ఆ మనిషికి మనం వాడి వదిలిన నీళ్ళే చాలు. కాకపోతే సబ్బూ బ్లీచింగూ ఎక్కువగా కలిసిన నీళ్ళను పక్కకు మళ్ళించి, మిగిలినవి ఇసుకా కంకరా పోసిన చిన్న గుంతలో వడకట్టి పాదులోకి వదలాలి. పాదు మానుకు అంటుకొని వద్దు. నీళ్ళు పీల్చే వేళ్ళు మానుకు రెండు మీటర్ల చుట్టులోపల పరుచుకొని ఉంటాయి. మొదట్లో నీళ్ళు నిలిస్తే మాను నానుతుందే తప్ప ఆ వేళ్ళకు అందేది తక్కువ. పాదులో టెంకాయ పీచు, ఎండుటాకులు, వేరుశనగ పొట్టు ఏది దొరికితే అది అరడుగు మందాన పరిస్తే నీళ్ళ ఖర్చు బాగా తగ్గుతుంది.

నీళ్ళ విషయంలో టెంకాయ మనకు బదులు చెప్పే తీరు చాలా నిదానం. ఒక గెల మొవ్వులో మొదలైన రోజు నుంచి అందులోని కాయ ముదిరి దిగేదాకా సుమారు 44 నెలలు పడుతుంది. పాళ బయటికి కనిపించేసరికే అందులో 32 నెలలు గడిచిపోయి ఉంటాయి. ఈ ఏడు కాయలు తగ్గాయని ఈ ఏటి వానను తిట్టుకోవడంలో అర్థం లేదు. తప్పు మూడేళ్ళ కిందటి వేసవిదై ఉండవచ్చు. ఎరువు వేసిన మూడు నెలలకే ఫలితం రాలేదని మందుల దుకాణానికి పరుగెత్తేవాళ్ళు ఈ లెక్క తెలుసుకుంటే డబ్బులు మిగులుతాయి.

నాటేటప్పుడు మన నేల గురించి ఒక జాగ్రత్త. కోవెలకుంట్ల వైపు నల్లరేగడి, మిట్టల మీద ఎర్రమన్ను, చాలాచోట్ల రెండు మూడడుగుల కింద సుద్ద, దాని కింద బండ. మన ఇళ్ళలో పరిచే కడప బండ సున్నపురాయే. అది పొరలు పొరలుగా నేల కింద ఉన్నచోట గుంత తవ్వితే రాతి తొట్టి తయారవుతుంది. నీళ్ళు నిలుస్తాయి, వేళ్ళకు ఊపిరాడదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతున గుంత తీసి, నాలుగు బిందెల నీళ్ళు పోసి, మరునాటికి ఇంకాయో లేదో చూడండి. ఇంకకపోతే గడ్డపారతో అడుగు పగలగొట్టండి, కుదరకపోతే చోటు మార్చండి. గుంత అడుగున పీచు పైకి ఉండేలా టెంకాయ డిప్పలు రెండు వరసలు పేర్చి, పశువుల ఎరువూ పైమన్నూ కలిపి సగం దాకా నింపి మొక్క పెట్టాలి. మాను ఏర్పడేకొద్దీ మిగిలిన సగం మెల్లగా పూడ్చుకుంటూ రావాలి. ముందే పూడ్చి మొవ్వులో మన్ను పడనిస్తే అక్కడే కుళ్ళు మొదలవుతుంది. నాటడానికి తొలకరి తర్వాతి రోజులు మంచివి. తాళజాతి వేళ్ళు వెచ్చని తడి నేలలో చురుగ్గా కదులుతాయి. మొదటి రెండు వేసవుల్లో పడమటి ఎండ తగలకుండా తాటాకు తడిక కట్టాలి.

నాటాక రెండు మూడేళ్ళు ఇంటి యజమానికి ఓపిక పరీక్ష. చెట్టు ఎదగడం లేదంటారు. ఎదుగుతూనే ఉంటుంది, నేలలో. తర్వాత లావెక్కే వీలు లేని చెట్టు కదా. పైకి లేవకముందే తన మొదలును పూర్తి లావుకు తెచ్చుకోవాలి. బోర్లించిన శంఖంలా కిందనుంచి వెడల్పవుతూ వచ్చి, చాలినంత అయ్యాకే మాను పైకి కదులుతుంది. ఈ రోజుల్లో నీళ్ళకు తక్కువ చేసిన చెట్టు జీవితాంతం సన్నని మొదలు మీద నిలబడాల్సి వస్తుంది. ఏడాదికొకసారి వచ్చి చూసుకొనే స్థలంలో టెంకాయ వద్దని నేననేది అందుకే.

రకాల సంగతికి వస్తే, కోనసీమలోని అంబాజీపేట పరిశోధన స్థానం నుంచి వచ్చిన గోదావరి గంగ అన్న సంకర రకం రాష్ట్రమంతటా పాకింది. గంగబొండానికీ ఈస్ట్ కోస్ట్ టాల్‌కూ పుట్టింది. త్వరగా కాపుకొస్తుంది. కానీ నీళ్ళు ఎప్పుడు ఆగిపోతాయో తెలియని ఇంటికి పొడుగు దేశవాళీ రకమే నయమని నా అభిప్రాయం. పొట్టి రకాలు నీటి ఎద్దడికి తొందరగా డీలా పడతాయి.

కడప జిల్లా నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళు ఎందరో. సెలవుల్లో వస్తూ తెచ్చిన ఖర్జూరాలు తిని గింజలు పెరట్లో పాతిన ఇళ్ళున్నాయి. మొలుస్తాయి, బాగా పెరుగుతాయి. ఆ చెట్టుకు మన ఎండ పుట్టింటి ఎండ, మన చౌడు దానికి లెక్క కాదు. పండిస్తున్న పంటల్లో ఉప్పును అంతగా ఓర్చుకొనేది ఇంకొకటి దొరకడం కష్టం. ఎటొచ్చీ గింజ మొక్కల్లో సగం మగవి అవుతాయి, ఆ సంగతి పూసేదాకా తెలియదు. ఆడచెట్టు అయినా పుప్పొడి చేత్తో అద్దాలి. రెండో చిక్కు మన నైరుతి రుతుపవనం. పండు మెత్తబడే ఆషాఢ శ్రావణాల్లో వాన పడితే గెల కుళ్ళుతుంది. అనంతపురం రైతులు ఈ చిక్కును బర్హీ రకంతో దాటారు. టిష్యూకల్చర్ మొక్కలు నాటి, కాయ పసుపు రంగుకొచ్చి ఇంకా గట్టిగా ఉన్నప్పుడే కోస్తారు. ఆ దశలోనే తియ్యగా, వగరు లేకుండా ఉండటం బర్హీ గుణం. పెరట్లో ఒక్క చెట్టుకు చోటున్నవాళ్ళు కూడా ఈ దారే పట్టాలి.

అందం కోసం పెంచేవాటిలో రాయల్ పామ్ మీద మనవాళ్ళకు మోజెక్కువ. అది క్యూబా వైపు తడి నేలల చెట్టు. కాలవ నీళ్ళు అందే తోటలో రాజసంగా ఉంటుంది. కర్నూలు కాలనీలో కాంపౌండు గోడ వెంట వరసగా నాటితే నాలుగో వేసవికి మట్టలు మాడి చూడటానికే జాలేస్తుంది. పైగా ఆ బరువైన మట్ట ఎప్పుడు ఊడి కింద ఉన్న బండి మీద పడుతుందో తెలియదు. అంతకన్నా ఫాక్స్‌టెయిల్ పామ్ నయం. నక్క తోకలా గుబురైన మట్టలు. ఆస్ట్రేలియా ఉత్తరాన కేప్ మెల్విల్ దగ్గర నల్లరాతి గుట్టల నడుమ మాత్రమే పెరిగే ఆ చెట్టును శాస్త్రం 1983లో గుర్తించి వొడ్యెటియా అని పేరు పెట్టింది. దాని గురించి ఎరిగిన చివరి ఆదివాసి వొడ్యెటి, 1978లో చనిపోయాడు. ఆయన పేరే అది. మడగాస్కర్ ఎండు మైదానాల నుంచి వచ్చిన బిస్మార్కియా మన ఎండకు ఇంకా సరిగ్గా సరిపోతుంది. ఆకు మీది మైనపు పూత ఎండను వెనక్కి కొడుతుంది, ఆ వెండి రంగు దానివల్లే. కాకపోతే పెద్దదయ్యాక తవ్వి మార్చితే బతకడం కష్టం. చిన్నప్పుడే శాశ్వతంగా ఉండే చోట నాటాలి. కుండీలో అరెకా పామ్ ఆకు కొనలు ఎండిపోతున్నాయని చాలామంది అడుగుతారు. బోరు నీళ్ళలోని ఉప్పులు కుండీ మన్నులో పేరుకోవడం దీనికి తరచుగా కారణం. వాన నీళ్ళు పట్టి పోయండి, నెలకొకసారి కుండీ కింద నుంచి ధారగా కారేటట్టు పోసి కడగండి.

ఇదే వరసలో నర్సరీవాళ్ళు సాగో పామ్ అని అమ్మే సైకస్ అసలు తాళజాతే కాదు. పువ్వులు పుట్టకముందు నాటి వంశం, దానికి కాయే ఉండదు, గింజ బయటే ఉంటుంది. మన శేషాచలం, పాలకొండల్లో దాని చుట్టం ఒకటుంది. సైకస్ బెడ్డోమీ. కొండ జనం దాన్ని పేరీత అని, ఈతతో కలిపి పిలిచారు. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని మొక్క. అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం సైటీస్ మొదటి అనుబంధంలో, అంటే పులి ఉన్న పట్టీలో, అది ఉంది. దాన్ని కొండ మీద నుంచి పెకలించి తెచ్చి అమ్మజూపేవాళ్ళ దగ్గర కొనకండి. ఈ మాట బతిమాలి చెబుతున్నాను.

చెట్టు పెట్టాక దాని మట్టలు చదవడం నేర్చుకోవాలి. మొదట చూడాల్సింది కష్టం కింది మట్టలో కనిపిస్తున్నదా, పై మట్టలోనా అన్నది. పొటాష్ తక్కువైతే చెట్టు పాత మట్టల్లో ఉన్నదాన్ని పీల్చి కొత్త మట్టకు పంపుకుంటుంది. కింది మట్టల మీద నారింజ రంగు చుక్కలు వచ్చి, కొనలు ఎండుతాయి. కరువొస్తే వెనకటి కాపువాళ్ళు జొన్న పాతర తెరిచేవాళ్ళు చూడండి, చెట్టుకు పాత మట్ట అలాంటి పాతర. అందంగా లేదని ఆ పసుపు మట్టను నరికేస్తే తింటున్న పాతరను పూడ్చినట్టే. చెట్టు దానిపై మట్టను తినడం మొదలెడుతుంది. పండుగకు ముందు మనిషిని పిలిపించి మట్టలన్నీ కొట్టించి, తల మీద నాలుగు మట్టలు నిలబెట్టే అలవాటు కాలనీల్లో బాగా ముదిరింది. పూర్తిగా ఎండి వేలాడే మట్టను తప్ప ముట్టుకోవద్దు. టెంకాయలో ప్రతి మట్ట పంగలోనూ ఒక గెల ఉంటుందన్నది గుర్తుంటే ఆ కత్తి లేవదు.

కొత్త మట్టే ముడుచుకొని, మాడినట్టు, పొట్టిగా వస్తుంటే దోషం వేరు. మాంగనీసు, ఇనుము వంటివి చెట్టు పాత మట్ట నుంచి కొత్తదానికి పంపలేదు. సున్నం ఎక్కువున్న మన నేలలో ఇవి ఉండి కూడా వేరుకు అందవు, కరగని రూపంలోకి మారిపోతాయి. మాగిన పశువుల ఎరువుతో కలిపి మాంగనీస్ సల్ఫేట్, అన్నభేది ఇవ్వడం దీనికి మందు. కోస్తాలో టెంకాయ పాదులో కల్లుప్పు, బూడిద వేస్తారని విని మనమూ వేస్తుంటాం. అక్కడి నేలకు చెల్లుతుందేమో గాని ఇక్కడ వద్దు. మన నేలకూ బోరు నీళ్ళకూ ఉప్పు కరువు లేదు. బూడిద క్షారాన్ని పెంచి ఇనుమును ఇంకా బిగించేస్తుంది.

పురుగుల్లో రెండింటిని తప్పక ఎరిగి ఉండాలి. విచ్చుకున్న లేత మట్ట కత్తెరతో విసనకర్రలా కత్తిరించినట్టుంటే అది కొమ్ము పురుగు పని. మొవ్వు విప్పకముందే తొలిచి పోతుంది. పుట్టేది పేడ దిబ్బలో. దిబ్బ మీ ఇంట్లో లేకపోయినా పక్క దొడ్లో ఉంటుంది, ఎగిరొస్తుంది. కొక్కెం ఉన్న ఇనుప చువ్వతో రంధ్రంలోంచి లాగేయాలి, లేత మట్టల పంగల్లో ఇసుకా వేపపిండీ కలిపి పోయాలి. దిబ్బను రెండు మూడు నెలలకొకసారి తిరగేసి తెల్లని పెద్ద పురుగులను కోళ్ళకు వేయడం అన్నిటికన్నా చవకైన వైద్యం. రెండోది ఎర్రముక్కు పురుగు. ఇది గాయం వాసన పట్టుకొని వస్తుంది. కొమ్ము పురుగు చేసిన రంధ్రమో, మనం కొట్టిన మేకో దానికి వాకిలి. పిల్లపురుగులు మాను లోపల తింటుంటాయి, పైకి గోధుమరంగు రసం కారుతుంది. చెవి ఆనిస్తే నమిలే చప్పుడు వినిపించడం కద్దు. ఈ పురుగు దక్షిణ, ఆగ్నేయాసియాది. 1980లలో గల్ఫ్ దేశాలకు చేరి, అక్కడి ఖర్జూర తోటలకు పెద్ద చేటు తెచ్చింది. దేశాలు దాటింది ఎక్కువగా మొక్కలూ పిలకల వెంటే. సూట్‌కేసులో పిలక తెచ్చుకోవద్దనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

2016 నుంచి టెంకాయ ఆకు అడుగున తెల్లని దూది చుట్లు, పైన నల్లని మసి కనిపిస్తున్నాయి. అది సర్పిలాకార తెల్లదోమ. దీనికి ఘాటైన మందు కొడితే ఆ దోమను తినే చిన్న కందిరీగలు ముందు చస్తాయి. నీళ్ళ గొట్టంతో ఆకు అడుగు కడిగి, వేపనూనె కొట్టి, కందిరీగలకు కాస్త సమయమివ్వాలి. మసి మీద పలుచని గంజి చల్లితే ఆరి పొరలా రాలిపోతుంది.

ఇంటి ముందు ఇరవై అడుగుల చోటుండి, నీళ్ళు పెట్టే తీరిక లేనివాళ్ళు అడిగితే నేను తాటినీ ఈతనూ చూపిస్తాను. నర్సరీవాళ్ళు నవ్వుతారు. కానీ ఈ నేల మీద బతకడం వాటికి ఎవరూ నేర్పనక్కర్లేదు. తాళ్ళపాక, తాళ్ళప్రొద్దుటూరు, తాడిపత్రి అని ఊళ్ళ పేర్లలోనే పలికే చెట్టు ఇంటికి ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాదు. ఈత ఐదారేళ్ళలో గుండ్రటి నీలిపచ్చ తలతో నిలబడుతుంది. దాని చిన్న చెల్లెలు చిట్టీత. సామర్లకోటలో ఉండి మన మొక్కలను నమోదు చేసిన రాక్స్‌బర్గ్, చిట్టీత మాను లోపలి పిండిని జనం కరువులో తింటారని రాసి, శాస్త్రీయ నామంలోనే పిండినిచ్చేదని అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. ఇంటి మూలన పొదలా పెంచుకోవచ్చు. ముళ్ళుంటాయి గనుక పిల్లలు ఆడే చోటికి దూరంగా ఉండాలి.

తాటిని నర్సరీ సంచిలో కొనే పని లేదు, కొనకూడదు కూడా. టెంక మొలిచేటప్పుడు అందులోంచి ఒక తెల్లని కాడ బయటికి వచ్చి నేరుగా నేలలోకి అడుగో రెండడుగులో దిగుతుంది. పిల్లమొక్క పుట్టేది ఆ కాడ కొనన, అంత లోతులో. మనం తేగ అని కాల్చుకొని తినేది ఆ భాగాన్నే. ఎండి బీటలువారిన పైమన్నును దాటి, తడి మిగిలిన లోతులో బిడ్డను పడుకోబెట్టే ఏర్పాటది. సంచిలో అంత లోతు లేదు, లోతున్న చోటి నుంచి తవ్వితే కాడ తెగుతుంది. అందుకే చెట్టు ఉండాల్సిన చోటే టెంక పాతాలి. శ్రావణ భాద్రపదాల్లో రాలిన పండ్లు తెచ్చి, గుజ్జు తీసి, ఒకే చోట మూడు టెంకలు జానెడు ఎడంగా, నాలుగంగుళాల లోతున పెట్టండి. ఆ వానకాలమంతా ఏమీ కనిపించదు. మరుసటి ఏడు ఈటె మొనలాంటి ఒక్క ఆకు పైకి వస్తుంది, ఆ మరుసటి ఏడు ఇంకొకటో రెండో. పోతుతాడో పండుతాడో తెలియడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళు. ఈలోగా అక్కడ ఇసుక కుప్ప పోయకుండా, బండి నిలపకుండా ఇంట్లో అందరికీ తెలిసేలా టెంకలు పాతిన చోట చుట్టూ మూడు కడప బండ ముక్కలు నిలబెట్టి ఉంచండి.